రామదాసు కీర్తనల్లో దేహబాధ, ఆగ్రహం: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
భద్రాచల క్షేత్ర చరిత్రలో కంచర్ల గోపన్న కారాగారవాసం ప్రధాన ఘట్టం. ఆ బాధను చెప్పే కీర్తనల్లో దైవాన్ని నిలదీసే మాటలున్నాయి. వాటిని నిందాస్తుతిగా వివరించడం పరిపాటి. ఆ వివరణలో ఆగ్రహం నిజంగా ఆగ్రహమేనన్న సంగతి మరుగున పడుతోందని, దేహబాధనూ కోపాన్నీ దాచుకోకపోవడమే ఈ కీర్తనల బలమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: భద్రాచలం, కంచర్ల గోపన్న, నిందాస్తుతి, దేహబాధ, భద్రగిరి శతకం.

1. ఉపోద్ఘాతం

శరీరం పడే బాధను పైకి చెప్పుకోవడం చిన్నతనమని, కోపం, దుఃఖం, భయం అణచుకోవలసిన బలహీనతలని భావించడం సమాజంలో సాధారణం. భక్తి సాహిత్యంలో ఈ దృష్టికి గొప్ప ఆదర్శం పోతన ప్రహ్లాదుడు. ఏనుగులతో తొక్కించినా, పాములతో కరిపించినా అతడు హరిని తలచుకున్నాడే తప్ప ఫిర్యాదు చేయలేదు. రామదాసు మార్గం వేరు. దెబ్బ తగిలితే నొప్పిగా ఉందన్నాడు. ఆ నొప్పికి బాధ్యుడెవరని రాముణ్ణే అడిగాడు.

2. చారిత్రక నేపథ్యం

గోపన్న స్వగ్రామం నేటి ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లి. గోల్కొండను 1672 నుంచి 1687 వరకు పాలించిన అబుల్ హసన్ తానీషా కాలంలో ఆయన పాల్వంచ పరగణా తహసీల్దారుగా పనిచేశాడు. తానీషా మంత్రులైన అక్కన్న, మాదన్నలు ఆయనకు మేనమామలని ప్రతీతి. భద్రగిరిపై ఆలయం కట్టించి, సర్కారుకు చేరవలసిన 6 లక్షల వరహాలను అందుకు ఖర్చు చేశాడన్న అభియోగంపై 12 ఏళ్లు గోల్కొండ కోటలో బందీగా ఉన్నాడని సంప్రదాయ కథనం. తానీషా ఏలుబడి మొత్తం 15 ఏళ్లే. కాబట్టి ఈ లెక్కను అంగీకరిస్తే ఆ పాలనలో అధికభాగం గోపన్న చెరలోనే గడిపాడనుకోవాలి.

ఈ కీర్తనలు భజన సంప్రదాయంలో నోటినోటా వ్యాపించాయి. అందువల్ల ప్రతి పదాన్నీ చారిత్రక పత్రంగా స్వీకరించలేం. అయితే తరతరాల జనం ఏ భావాలను విలువైనవిగా నిలుపుకున్నారో చెప్పడానికి ఇవి బలమైన ఆధారాలు.

3. లెక్క, తిట్టు, మన్నింపు

'ఇక్ష్వాకు కులతిలక' కీర్తన నిర్మాణం గమనించదగినది. మొదట తహసీల్దారు లెక్క ఒప్పజెప్పినట్లు ప్రాకారాలు, మంటపాలు, భరతుని పచ్చల పతకం, సీతమ్మ చింతాకు పతకం వంటివాటిని పేర్కొంటూ పదేసి వేల చొప్పున అయిన ఖర్చు చెబుతాడు. తరువాత ఎవరి సొమ్ముతో ఇంత వైభవంగా తిరుగుతున్నావని రాముణ్ణి నిలదీస్తాడు. చివరకు తిట్టానని కోపగించవద్దని, దెబ్బలకు తాళలేకే తిట్టానని వేడుకుంటాడు.

ఇక్కడ మన్నింపు కోరినా తిట్టు చెరిగిపోలేదు. చెప్పిన లెక్క తప్పని ఆయన అనలేదు. తిట్టుకు కారణం మాత్రం చెప్పాడు. ఆ కారణం శరీరమే. దేహం ఓర్వలేకపోయిందని ఒప్పుకోవడానికి ఆయన సిగ్గుపడలేదు. దేహాన్ని తుచ్ఛమని తోసిపుచ్చనూ లేదు. మరో కీర్తనలో తన మొర రాముని చెవిన వేయమని సీతమ్మను ఆశ్రయిస్తాడు. ఇంటి పెద్ద పలకనప్పుడు తల్లి ద్వారా చెప్పించుకునే బిడ్డ తీరు ఇది. కాబట్టి ఈ కోపం బంధాన్ని తెంచుకున్నవాడిది కాదు, బంధంపై నమ్మకం ఉన్నవాడిది.

కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకంలోని వ్యాజస్తుతితో పోలిస్తే ఈ భేదం స్పష్టమవుతుంది. అక్కడ నింద కవి చమత్కారం; స్తుతిని అందించే పరికరం. రామదాసు నింద వెనుక చమత్కారం కంటే గాయం ముందు కనిపిస్తుంది. రెండింటినీ ఒకే పేరుతో పిలిస్తే ఆ గాయం కనుమరుగవుతుంది.

4. భద్రాద్రిలో కొనసాగింపు

ఈ ధోరణి రామదాసుతో ఆగలేదు. 18వ శతాబ్దిలో ధంసా దాడి భయంతో భద్రాచల మూర్తులను పోలవరానికి తరలించవలసి వచ్చింది. ఆ సందర్భంలో భల్లా పేరయ కవి భద్రగిరి శతకం రచించి, కొండ విడిచి వెళ్లిన రాముణ్ణే ఆక్షేపించాడు. రామదాసుది ఒక వ్యక్తి వేదన, పేరయ కవిది ఒక ప్రాంతం వేదన. భయాన్నీ అవమానాన్నీ దాచిపెట్టకుండా దైవం ముందే చెప్పడం ఇద్దరిలోనూ సమానం.

5. ముగింపు

1. రామదాసు కీర్తనల్లోని నిందను కేవలం అలంకారంగా కాక, దేహబాధ నుంచి పుట్టిన వాస్తవ భావంగా గుర్తించాలి.
2. ఆగ్రహం, పశ్చాత్తాపం ఒకే కీర్తనలో పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి మరొకదాన్ని రద్దు చేయలేదు.
3. తిట్టిన గోపన్ననే జనం భక్త రామదాసుగా కొలుస్తున్నారు. కష్టంలో నోరు విప్పినవాడి భక్తిని ఈ సంప్రదాయం తక్కువ చేయలేదు. బాధను మౌనంగా భరించడమే గొప్పతనమనే అభిప్రాయానికి భద్రాచలం మూడు శతాబ్దాలుగా ఇస్తున్న సమాధానం ఇదే.