మసక మసక చీకటిలో: పాట ఒకటి, గొంతులు రెండు. మరి హక్కు ఎవరిది?

ఆషాఢంలో లష్కర్ బోనాలప్పుడు సికింద్రాబాద్ రోడ్ల మీద డీజే బండి వస్తుంటే చూశారు కదా? అమ్మమ్మల కాలం పాట కూడా కొత్త బీట్ పడితే దుమ్ము లేపుతుంది. పాట అందరికీ వచ్చు. కానీ మొదట పాడింది ఎవరు అంటే మాత్రం సైలెన్స్! ఈరోజు అలాంటి ఒక పాట హిస్టరీ చూద్దాం.

1973. ఎన్టీఆర్, కృష్ణ కలిసి చేసిన 'దేవుడు చేసిన మనుషులు' వచ్చింది. సంగీతం రమేష్ నాయుడు. తర్వాత 'మేఘసందేశం'కి నేషనల్ అవార్డు తెచ్చుకున్నది ఈయనే. ఈ సినిమాలోదే 'మసక మసక చీకటిలో'. పాడింది ఎల్.ఆర్. ఈశ్వరి.

ఈశ్వరి గారిది మద్రాసు. కోరస్‌లో పాడుతూ మొదలుపెట్టారు. 1961లో తమిళ సినిమా 'పాసమలర్'తో పేరొచ్చింది. ఆ రోజుల్లో హీరోయిన్ పాట అంటే ఎక్కువగా సుశీల గారికో, జానకి గారికో వెళ్లేది. క్లబ్ పాట, కాస్త కొంటె పాట వస్తే ఈశ్వరి గారికి ఫోన్ వెళ్లేది. 'ప్రేమ్ నగర్'లో 'లేలే లేలే నా రాజా' కూడా ఆమెదే. తమాషా ఏంటంటే, తమిళనాడులో ఆడి మాసం అమ్మవారి పాటలు అనగానే గుర్తొచ్చేది కూడా ఇదే గొంతు!

ఇక 2000ల్లోకి వద్దాం. దేశమంతా రీమిక్స్‌ల సీజన్. 1972 నాటి 'కాంటా లగా' 2002లో మళ్లీ ఊపేసింది. తెలుగులో ఆ గాలి పట్టుకున్నది స్మిత. విజయవాడ అమ్మాయి. 'పాడుతా తీయగా' నుంచి వచ్చి, సినిమా లేకుండానే పాప్ ఆల్బమ్‌లు చేసింది. ఆమె పాడిన 'మసక మసక' వీడియో టీవీల్లో మోగిపోయింది. చాలామందికి ఈ పాట అంటే ఇప్పటికీ స్మితే.

ఇందులో తప్పేం లేదు. కవర్ వల్లే పాత పాట కొత్త తరానికి చేరుతుంది. అమెరికాలో 'రెస్పెక్ట్' అనే సోల్ పాటనే చూడండి. 1965లో ఓటిస్ రెడ్డింగ్ రాసి పాడాడు. 1967లో అరీతా ఫ్రాంక్లిన్ పాడి నంబర్ వన్ చేసింది. మగాడు ఇంట్లో మర్యాద అడిగే పాటని ఆడవాళ్ల పాటగా మార్చేసింది. కానీ అక్కడ రేడియోలో పాట వస్తే డబ్బు రాసినవాళ్లకే వెళ్తుంది, పాడినవాళ్లకి కాదు. అంటే పాటని అంత పెద్ద హిట్ చేసిన అరీతాకి రేడియో నుంచి ఏమీ రాలేదు!

మన దగ్గర? 1957 కాపీరైట్ చట్టంలో గాయకులకి అసలు హక్కే లేదు. 1994 సవరణలో వచ్చింది. అంటే 1973లో ఈశ్వరి గారు మైక్ ముందు నిలబడినప్పుడు, చట్టం దృష్టిలో ఆమె గొంతుకి విలువ లేనట్టే. రాసినవాళ్లది, ట్యూన్ కట్టినవాళ్లదీ అంత గొప్పగా లేదు. సినిమా కోసం డబ్బిచ్చి చేయించుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే హక్కు నిర్మాతదే అని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది.

కవర్‌కి కూడా రూల్ ఉంది. అప్పట్లో పాట వచ్చిన రెండేళ్ల తర్వాత నోటీసిచ్చి, రాయల్టీ కట్టి ఎవరైనా మళ్లీ రికార్డు చేసుకోవచ్చు. 2012 సవరణ దాన్ని ఐదేళ్లు చేసింది. అనుమతి లేకుండా పాటని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని కూడా చెప్పింది. గాయకులకి రాయల్టీలో వాటా ఇచ్చింది కూడా ఆ సవరణే.

దానికి ఒక్క ఏడాది ముందు, 2011లో, మన తమన్ తమిళ సినిమా 'ఒస్తే'లో 'కలాసల' పాటకి ఈశ్వరి గారినే పిలిచారు. డెబ్బై దాటిన గొంతు! పాట సూపర్ హిట్. పాత గొంతుని శాంపిల్ చేయడం కాదు, మనిషినే మైక్ దగ్గరికి పిలిచారు. ఇది కూడా ఒక పద్ధతే కదా?

సో ఫ్రెండ్స్, ఈసారి రీల్‌లో పాత పాట వినిపిస్తే ఒక్క నిమిషం ఆగండి. ఒరిజినల్ వెతికి వినండి. మీరే రీల్ చేస్తుంటే క్యాప్షన్‌లో మొదట పాడినవాళ్ల పేరు కూడా రాయండి. డబ్బు సంగతి చట్టం చూసుకుంటుంది, పేరు నిలబెట్టడం మాత్రం మన చేతుల్లోనే ఉంది. మీ ఇంట్లో పెద్దవాళ్లకి ఇష్టమైన పాత పాట ఏదో కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం!