ఊపిరితిత్తుల వాపుకు మందు: దశాబ్దాల వెతుకులాట

1967లో అమెరికాలోని డెన్వర్ వైద్యులు ఆష్‌బా, పెటీ బృందం లాన్సెట్ పత్రికలో 12 మంది రోగుల గురించి రాశారు. కొందరు ప్రమాదాల్లో గాయపడ్డవారు, కొందరికి వైరస్ సోకింది, ఒకరికి క్లోమగ్రంథి వాపు. మూలం ఏదైనా అందరి ఊపిరితిత్తులూ నీరుపట్టి బిగుసుకుపోయాయి. ఎంత ఆక్సిజన్ పెట్టినా రక్తానికి చాలలేదు. ఏడుగురు చనిపోయారు. ఆ జబ్బే నేటి ఏఆర్‌డీఎస్.

హాని చేస్తున్నది సొంత రోగనిరోధక శక్తేనని తేలాక స్టెరాయిడ్లు పెద్ద మోతాదులో ఇచ్చి చూశారు. 1987 నాటి ప్రయోగంలో ఫలితం కనబడలేదు. ఈలోగా వాపును రగిలించే ఇంటర్‌ల్యూకిన్లు (ఐఎల్) అనే ప్రోటీన్లు ఒక్కొక్కటే బయటపడ్డాయి. అవి కణం మీది గ్రాహకానికి అంటుకుంటేనే పని చేస్తాయి. ఆ చోటును ముందే ఆక్రమిస్తే? ఐఎల్-1 గ్రాహకాన్ని అడ్డుకునే మందును 893 మంది సెప్సిస్ రోగులపై పరీక్షించారు (ఏఆర్‌డీఎస్‌కు పెద్ద కారణాల్లో సెప్సిస్ ఒకటి). 1994లో వచ్చిన ఫలితం: మరణాలు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. అదే మందు 2001లో అనకిన్రా పేరుతో కీళ్లవాతానికి అనుమతి పొందింది.

మందుల కంపెనీలకు మింగుడుపడని సంగతి ఒకటుంది. 2000లో ఏఆర్‌డీఎస్ మరణాలను 39.8 శాతం నుంచి 31కి దించింది ఏ మందూ కాదు, వెంటిలేటర్ ఊదే గాలిని కిలో బరువుకు 12 మిల్లీలీటర్ల నుంచి 6కు తగ్గించడం!

జపాన్‌లో కిషిమోటో బృందం 1986లో ఐఎల్-6ను, 1988లో దాని గ్రాహకాన్ని గుర్తించింది. ఆ దారిలో పుట్టిన టోసిలిజుమాబ్ మందు కూడా ముందు వేరే జబ్బులకే. కోవిడ్ దాన్ని ఊపిరితిత్తుల దగ్గరికి తెచ్చింది. 2020లో తొలి ప్రయోగాలు కొన్ని నిరాశపరిచాయి. బ్రిటన్‌లో 4,116 మందితో జరిగిన రికవరీ ప్రయోగంలో మాత్రం మరణాలు 35 శాతం నుంచి 31కి తగ్గాయి. తేడా మందులో లేదు, ఎంపికలో ఉందని నా అభిప్రాయం. ఆక్సిజన్ 92 శాతం కంటే తక్కువ ఉండి లేదా ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చి, రక్తంలో వాపును సూచించే సీఆర్‌పీ 75 లేక అంతకు పైన ఉన్నవారినే తీసుకున్నారు. వారిలో ఎక్కువమంది అప్పటికే స్టెరాయిడ్ మీద ఉన్నారు. మేలు కనిపించిందీ వారిలోనే.

2021 సెకండ్ వేవ్‌లో ఈ ఇంజెక్షన్ కోసం మనవాళ్లు చీటీ పట్టుకుని ఊరంతా తిరిగారు. అదే ఏడాది సెప్టెంబరులో హైదరాబాద్ కంపెనీ హెటిరో తయారుచేసిన రూపానికి అత్యవసర అనుమతి దొరికింది. అప్పటికి ఆ ఉధృతి దాటిపోయింది.

ఇక మందు ఎవరికి పనిచేస్తుందన్న ఎంపిక విషయానికొస్తే, ఏఆర్‌డీఎస్ రోగుల్లో వాపు బాగా రగిలినవారు, అంతగా రగలనివారు అని రెండు వర్గాలున్నట్టు 2014లో అమెరికా పరిశోధకురాలు కాల్ఫీ బృందం చూపింది. మొదటివారు దాదాపు మూడోవంతు. ఆ తేడాను ఐసీయూలో మంచం పక్కనే తేల్చే పరీక్ష మామూలు ఆస్పత్రులకు ఇంకా చేరలేదు.