ఎవరి కోసం ఈ మూడు తీగలు?

నడివయసు స్త్రీ కొత్తగా ఒక వాద్యం చేతబడితే చుట్టూ ఉన్నవాళ్లు మొదట అడిగేది 'ఇప్పుడెందుకు?' అని. ఈ ప్రశ్నకు చరిత్ర ఉంది. జపాన్‌లో షమిసెన్ నేర్చుకున్న స్త్రీల జీవితాల్లో ఆ చరిత్ర స్పష్టంగా కనిపిస్తుంది.

షమిసెన్ మూడు తీగల వాద్యం. చైనా వాద్యం ఒకటి ర్యూక్యూ దీవుల మీదుగా 16వ శతాబ్దంలో జపాన్ చేరి ఈ రూపం తీసుకుంది. పొడవాటి మెడ, జంతుచర్మం బిగించిన చిన్న పెట్టె, పట్టుతీగలు. 'బచి' అనే వెడల్పాటి పలకతో మీటితే తీగ నాదంతోపాటు చర్మం మీద దెబ్బ కూడా వినిపిస్తుంది. మన వీణకున్నట్టు మెట్లుండవు. స్వరం ఎక్కడుందో వేలే గుర్తుపెట్టుకోవాలి. ఆరో ఏట, ఆరో నెల, ఆరో రోజున కళాభ్యాసం మొదలుపెట్టడం అక్కడి పాత ఆనవాయితీ.

ఆ ఆరేళ్ల పిల్ల ఎవరి కోసం నేర్చుకునేది? షికితేయ్ సంబా 1809-13 మధ్య వెలువరించిన హాస్యరచన 'ఉకియోబురో'లో, ఆడవాళ్ల స్నానశాలలో ఒక చిన్నపిల్ల తన దినచర్య ఏకరువు పెడుతుంది. పొద్దున్నే షమిసెన్ పాఠం, తర్వాత నాట్యం, ఆపైన బడి, స్నానం కాగానే కోతో పాఠం, ఇంటికొచ్చి మళ్లీ అన్నిటి సాధన. ఆడుకునే తీరికే లేదని ఆమె బాధ. నాన్న పోనీలెమ్మంటాడు, అమ్మ వదలదు. పెద్ద సమురాయ్ ఇంట్లో కొలువు దొరకాలంటే ఇవన్నీ రావాలి. కొలువు చేసొచ్చిన పిల్లకు మంచి సంబంధం దొరుకుతుంది. తనకు దక్కని విద్య కూతురికి దక్కాలన్న ఆ తల్లి ఆరాటాన్ని తప్పుపట్టలేం. కానీ ఆ విద్య పిల్ల ఒంటిమీద పెట్టిన నగ. పెళ్లిచూపుల్లో పాట పాడిన మనకు ఈ లెక్క కొత్తదా?

చూపులేని స్త్రీలకు ఇదే వాద్యం కూడు పెట్టింది. చూపులేని పురుషులకు 'తోదోజా' అనే సంఘం, హోదాలు, ప్రభుత్వ అండ ఉండేవి. 1871లో రద్దయ్యేదాకా అందులో స్త్రీలకు చోటులేదు. వాళ్లు 'గోజె'లుగా సొంత బృందాలు కట్టుకున్నారు. ఎచిగో ప్రాంతంలో, అంటే నేటి నీగాతలో, ముందున్నామె మూట మీద చెయ్యేసి వరుసగా ఊరూరా నడిచి పాడేవారు. మగవాడితో సంబంధం పెట్టుకుంటే బృందంలోంచి వెలి. 1900లో పుట్టిన కొబయాషి హరు పసికందుగానే చూపు కోల్పోయింది. ఐదేళ్లకే శిష్యరికంలో పెట్టారు. నడిశీతాకాలంలో నది ఒడ్డున నిలబెట్టి గొంతు సాధన చేయించారు. 1978లో ప్రభుత్వం ఆమె కళను గుర్తించింది. 2005లో, 105వ ఏట ఆమె మరణించింది.

ఇద్దరికీ మానేసే వీలు లేదు. తప్పు వాయించే వీలు అసలే లేదు.

ఈ నేపథ్యంలో చూస్తే, పని ముగించుకుని సాయంత్రం షమిసెన్ ముందు కూర్చునే నలభై ఏళ్ల విద్యార్థిని చరిత్రలో కొత్త మనిషి. మెడ పక్కన అంకెలు వేసిన కాగితం పట్టీ అంటించుకుని స్వరస్థానాలు వెతుక్కుంటుంది. మోకాళ్లు నొప్పెడతాయి, బచి జారుతుంది. ఆమెకు కొలువూ సంబంధమూ అక్కర్లేదు. ఎవరినీ మెప్పించక్కర్లేదు. ఆమె సంగీతం అరకొరదే కావచ్చు, కానీ అది ఆమెది.

అయితే ఆ సాయంత్రపు గంట ఎంతమంది స్త్రీల చేతిలో ఉంది? 'ఇప్పుడెందుకు?' అని అడిగేవాళ్లను ముందు ఈ లెక్క చెప్పమందాం.