మనోవ్యాధిగ్రస్తుల పరిచర్య: వాల్తేరు కథ

చోడవరము చుట్టుపట్ల గ్రామములలో పెరిగినవారికి "వాల్తేరు పంపించవలె" అను మాట క్రొత్త కాదు. బడిలో అల్లరి చేసిన పిల్లవానితోను, కల్లు త్రాగి వీధిలో కేకలు వేసినవానితోను, తగవులో వెనుకకు తగ్గని వదినగారితోను ఈ మాట అనుచుందుము. నవ్వుచు అందుము. ఆ పేరు వినినంతనే ఎత్తయిన గోడ, ఇనుప తలుపు కన్నుల ముందు మెదలును. ఆ గోడ వెనుక రాత్రివేళ ఒక్కొక్క మంచము దగ్గర ఆగి చూచి వెళ్లెడి నర్సమ్మ మాత్రము మనకు తోచదు.

నా చిన్నతనమున మా వీధిలో ఒక ఇంటి పశువుల సాలలో ఒక మనుష్యుడు ఉండెను. గుంజకు గొలుసు, గొలుసు చివర అతని కాలు. అతనికి ముప్పది యేండ్లు ఉండునేమో. అంతకు మునుపు బెల్లము వండుటలో చేయి తిరిగినవాడని, పాకము దింపవలసిన క్షణము అతనికి తెలిసినట్లు మరి యెవరికిని తెలియదని పెద్దలు చెప్పుకొనెడివారు. ఒక యేడు అతనికి నిద్ర పట్టుట మానెను. తనలో తాను మాటలాడుకొనసాగెను. కొందరు చిల్లంగి అనిరి, కొందరు గాలి సోకినదనిరి. వేపమండలు, కొరడా దెబ్బలు, ఉపవాస ప్రార్థనలు అన్నియు జరిగెను. ఇందులో మన సంఘస్థుల చేయి లేదని చెప్పజాలను. తల్లి మాత్రము పూటపూటకు ముద్దలు చేసి తినిపించెడిది. కట్టివేసినది కూడ ఆమెయే! బావిలో పడునేమోయని భయపడి కట్టినదే గాని కఠిన హృదయముతో కాదు. ఈ సంగతి చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను, ఏలయనగా ఈ చరిత్రలో గోడలు కట్టించినది చాలవరకు భయమే.

మద్రాసులో 1794లోనే వాలెంటైన్ కానలీ అను వైద్యుడు మతిచలించినవారికి ఒక ఆశ్రయము నెలకొల్పెను. 1858లో ఆంగ్ల ప్రభుత్వము ఇట్టి ఆశ్రయములను గూర్చి చట్టము చేసెను. 1871లో మద్రాసు కీల్పాకులో పెద్ద ఆశ్రయము తెరువబడెను. అదే సంవత్సరమున మన వాల్తేరులోను ఒకటి ఏర్పడెను. నేడు చిన్న వాల్తేరులోనున్న ప్రభుత్వ మానసిక వైద్యశాలకు మూలము అదియే. ఆ దినములలో దానిని ఆసుపత్రి అనలేదు. ల్యూనాటిక్ అసైలము అనిరి. అందు నర్సులు కాదు, కావలివారు ఉండిరి. చోడవరము నుండి రోగిని తీసికొని పోవుటయనగా బండి కట్టుకొని అనకాపల్లి చేరి, అక్కడనుండి ముందుకు సాగుటయే. తిరిగి వచ్చు బండిలో రోగి ఉండునను ఆశ మిక్కిలి తక్కువ.

ఇంతకంటె మంచి మార్గము అప్పటికే లోకమునకు తెలియదా? తెలియును. ఇంగ్లండులోని యార్కు పట్టణమున 1790లో హానా మిల్స్ అను విధవరాలిని అక్కడి పిచ్చివారి ఆశ్రయములో చేర్చిరి. ఆమె క్వేకరు సంఘమునకు చెందినది. సంఘస్థులు చూడవచ్చినప్పుడు లోపలికి రానియ్యలేదు. కొన్ని వారములలోనే ఆమె మరణించెను. ఈ దుఃఖము విలియం ట్యూక్ అను వర్తకుని మనస్సులో నాటుకొనెను. ఆయన వైద్యుడు కాడు, టీ, కాఫీ అమ్ముకొనెడివాడు. సంఘస్థులయొద్ద చందాలు పోగుచేసి 1796లో "రిట్రీట్" అను గృహమును తెరచెను. ఆ పేరునకు విశ్రాంతి స్థలమని చెప్పుకొనవచ్చును. అక్కడ గొలుసులు లేవు. కిటికీలకు ఇనుమే వేసిరి గాని, చూచువారికి చెక్కవలె కనబడునట్లు చేయించిరి. ఇది చిన్న సంగతిగా తోచవచ్చును. కాని జైలు కిటికీలోనుండి ఆకాశమును చూచుటకును, ఇంటి కిటికీలోనుండి చూచుటకును ఎంత భేదమున్నదో ఒక దినమైనను అనుభవించినవారిని అడుగవలెను. పెరటిలో కుందేళ్లను, కోళ్లను విడిచిరి. తనను తాను పట్టించుకొనలేనివాడు సహితము కోడిపిల్లకు గింజలు వేయుట మరువకుండెను. అప్పుడప్పుడు రోగులు మంచి బట్టలు కట్టుకొని, పెద్దమ్మగారితో కూర్చుండి టీ త్రాగెడివారు. ఈ వివరములన్నియు విలియంగారి మనుమడు సామ్యూల్ ట్యూక్ 1813లో పుస్తకముగా అచ్చు వేయించెను. అనగా వాల్తేరు ఆశ్రయము పుట్టునాటికి ఈ పాఠము అచ్చులోనికి వచ్చి దాదాపు 60 యేండ్లు గడచెను. పాఠము సముద్రము దాటి మనయొద్దకు వచ్చునప్పటికి గోడ మాత్రమే వచ్చినది, కోడిపిల్లలు రాలేదు.

1912లో క్రొత్త చట్టము వచ్చెను. 1920 దాటిన పిమ్మట అసైలము అను మాట పోయి మెంటల్ హాస్పిటల్ అను పేరు వచ్చెను. పేరు మార్చుట సులభము. 1946లో భోరు కమిటీవారు దేశమంతటి వైద్యశాలలను విచారించి వ్రాసిన నివేదికలో మానసిక వైద్యశాలలు 19 అనియు, మంచములు 10,181 అనియు లెక్క చెప్పిరి. ఇంగ్లండులో సుమారు 300 మందికి ఒక మంచముండగా, మన దేశమున 40,000 మందికి ఒకటి! చాల కట్టడములు రోగులను నిర్బంధించుటకే గాని స్వస్థపరచుటకు తగినవి కావని విచారణకర్తలు నిర్మొగమాటముగా తెలిపిరి. 1953లో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు కీల్పాకు పొరుగు రాష్ట్రమున మిగిలిపోగా, 11 జిల్లాల ప్రజలు వాల్తేరు వైపే చూడవలసి వచ్చెను.

మందుల సంగతి క్లుప్తముగా చెప్పెదను. 1931లోనే మన దేశపు వైద్యులు గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనువారు సర్పగంధి వేరు ఉన్మాదమునకు పనిచేయునని ప్రకటించిరి. 1952లో పారిసు నగరమున క్లోర్ప్రోమజీన్ అను మందును మొదటిసారి రోగులకు విస్తారముగా వాడి చూచిరి. ఏండ్ల తరబడి కేకలు వేసినవారు నెమ్మదించిరి. అయితే నెమ్మదించిన మనుష్యునితో మాటలాడుటకు మరియొక మనుష్యుడు కావలెను గదా!

ఇక్కడ నర్సు పని ఆరంభమగును. అదే 1952లో హిల్డెగార్డ్ పెప్లౌ అను అమెరికా నర్సు ఒక గ్రంథము ప్రకటించెను. రోగికిని నర్సుకును మధ్య ఏర్పడు నమ్మకమే చికిత్సలో ఒక భాగమని ఆమె వాదన. మన దేశమున బెంగుళూరిలో 1954లో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ వెలసెను. నర్సులకు ఈ పనిలో ప్రత్యేక శిక్షణ కూడ అక్కడ ప్రారంభమయ్యెను. ఏమి నేర్పుదురు? రోగి తనకు వినబడు స్వరములను గూర్చి చెప్పినప్పుడు "అబద్ధము" అని వాదించరాదు, "నిజమే" అని వంతపాడనురాదు, "నీకు భయముగా ఉన్నదా?" అని అడుగవలెను. వేళకు అన్నము, వేళకు నిద్ర, రోజును అదే ముఖము, అదే గొంతు. మాత్ర నాలుక క్రింద దాచుకొనెనా, మ్రింగెనా చూడవలెను. చేతులు వణకినను, మెడ బిగిసినను అది మందు చేయు పనియేమోయని వైద్యునికి తెలుపవలెను. చనిపోవలెనను తలంపు ఉన్నవానిని ఒంటరిగా విడువరాదు. ఆ మాట నోరు తెరచి అడిగినందువలన ఆ తలంపు క్రొత్తగా పుట్టదు.

ఏలీయా ప్రవక్త బదరీవృక్షము క్రింద కూర్చుండి చావు కోరుకొనిన ఘట్టము మనకందరికి తెలిసినదే. దూత వచ్చి ప్రసంగము చేయలేదు. తట్టి లేపి రొట్టెయు నీళ్లును చూపెను, మరల నిద్రపోనిచ్చెను, మరల భోజనము పెట్టెను. పని మాట ఆ తరువాతనే. ఈ అధ్యాయము మీద ఎన్నో ప్రసంగములు వింటిని గాని, నిద్రను గూర్చి ఎవరును మాటలాడగా వినలేదు.

కుటుంబమును బయట నిలిపివేసిన పాత పద్ధతికి అమృత్‌సర్‌లో డాక్టరు విద్యాసాగర్ స్వస్తి చెప్పెను. 1950ల నాటికే ఆయన ఆసుపత్రి ఆవరణలో గుడారములు వేయించి రోగుల బంధువులను వారితో కూడ ఉంచెను. వేలూరులోని మన క్రైస్తవ వైద్య కళాశాలవారు బాగాయములో 1957లో స్థాపించిన కేంద్రములోను బంధువు తోడుండుట నియమమే. వంట, కబుర్లు, గొణుగుడు అన్నియు అక్కడనే. ఇంటికి వెళ్లిన తరువాత ఎవరు ఏమి చేయవలెనో ఇంటివారు కన్నులార చూచి నేర్చుకొందురు. నన్నడిగిన యెడల, ఈ విషయమున మన దేశము ఇతరులకు నేర్పినదే ఎక్కువ.

అయినను గొలుసులు పోలేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో ఒక ప్రయివేటు ఆశ్రయమునకు నిప్పంటుకొని, గొలుసులతో కట్టివేయబడిన రోగులు 28 మంది కాలిపోయిరి. స్వస్థత కోరియే వారిని ఇంటివారు ఆ ఊరికి తెచ్చిరి. 2018లో అమలునకు వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగిని ఏ విధముగానైనను గొలుసుతో కట్టుటను నిషేధించినది. 2022 అక్టోబరు నుండి 14416 అను నంబరునకు ఫోను చేసి తెలుగులోనే కష్టము చెప్పుకొను వీలు కలిగినది. అదే సంవత్సరమున చోడవరము అనకాపల్లి జిల్లాలో చేరినది గాని, మనవారి నోట వాల్తేరు మాట మాత్రము మారలేదు.

పశువుల సాలలోని ఆ మనుష్యుని సంగతి. మా సంఘపు బైబిలు స్త్రీ ఒకామె ఆరు నెలలు తిరిగి తిరిగి తల్లిని ఒప్పించెను. ఇద్దరును కలిసి అతనిని బస్సులో వాల్తేరు తీసికొనిపోయిరి. మొదటి వారము అతడు ఎవరితోను మాటలాడలేదట. ఒక నర్సమ్మ దినమును వచ్చి ప్రక్కన ఊరక కూర్చుండి పోయెడిది. కాగితములలో అతని వృత్తి చూచి కాబోలు, ఒకనాడు "నాయనా, పాకము దింపవలెనని ఎట్లు తెలియును?" అని అడిగెనట. చాలసేపటికి, "నీళ్లలో చుక్క వేసి చూడవలెనమ్మా" అనెనట. తల్లి ఈ మాట చెప్పినప్పుడెల్ల కొంగుతో కన్నులు తుడుచుకొనెడిది.

నాలుగు నెలలకు ఇంటికి వచ్చెను. మధ్యలో రెండు మారులు మాత్రలు మాని మరల చెడెను, మరల వెళ్లెను. పూర్వపు నేర్పు అంతయు తిరిగి రాలేదు. పొయ్యి దగ్గర పిప్పి ఎగద్రోయు పని చేసెడివాడు. ఆదివారము గుడిలో వెనుక వరుసన, తలుపు ప్రక్కగా కూర్చుండెడివాడు. మొదట ఆ వరుసలో మరి యెవరును కూర్చుండలేదు. తరువాత బైబిలు స్త్రీ పోయి కూర్చుండెను, ఆ పిమ్మట పిల్లలు. సాలలోని గుంజకు దూడను కట్టిరి.