చదవగలిగే ప్రోగ్రాం: పాత భాషల చరిత్ర

ప్రోగ్రాంను నడిపేది యంత్రమే అయినా, దాన్ని సరిదిద్దవలసి వచ్చినప్పుడు చదివేది మనిషి. ఈ అవగాహన ప్రోగ్రామింగ్ చరిత్రలో ఎలా బలపడిందో ఈ భాగంలో తెలుసుకుందాం.

1957లో ఐబీఎం విడుదల చేసిన ఫోర్ట్రాన్‌లో చలరాశి పేరు ఆరు అక్షరాలకు మించరాదు. 1959లో రూపకల్పన మొదలైన కోబాల్ 30 అక్షరాల వరకు అనుమతించింది. అందువల్ల 'ఏఆర్ఎఫ్' అని కుదించకుండా 'యావరేజ్-రెయిన్‌ఫాల్' అని రాసే వీలు కలిగింది.

పేర్లు స్పష్టంగా ఉంటే చాలదు, నడక కూడా స్పష్టంగా ఉండాలి. 'గో టు' ఆదేశాలు ఎక్కువైతే ఏ వాక్యం తర్వాత ఏది అమలవుతుందో చదివేవారికి అంతుపట్టదు. వరుసక్రమం, ఎంపిక, పునరావృతం అనే మూడు నిర్మాణాలు చాలునని బోమ్, జాకోపిని 1966లో నిరూపించారు. 'గో టు' హానికరమని డైక్‌స్ట్రా 1968లో వాదించాడు. 1970లో నిక్లాస్ విర్త్ ప్రకటించిన పాస్కల్ ఈ పద్ధతిని తరగతి గదులకు చేర్చింది.

ఈ పాఠం విలువ తెలుగు యువతకు 1990ల చివరలో అనుభవంలోకి వచ్చింది. స్థలం పొదుపు కోసం పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెలతోనే రాసేవారు. దానివల్ల 2000 సంవత్సరం '00'గా నమోదై, 1900గా లెక్కకు వచ్చే ప్రమాదం ఏర్పడింది. హైదరాబాద్‌లోని అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో కోబాల్ నేర్చినవారు ఎన్నడూ చూడని వ్యక్తులు దశాబ్దాల కిందట రాసిన ప్రోగ్రాములను చదివి, తేదీలను వెతకవలసి వచ్చింది. తేదీకి తేదీ అనే పేరున్నచోట పని సులువైంది. 'డీ1', 'ఎక్స్2' వంటి పేర్లున్నచోట ప్రతి వరుసా చదవక తప్పలేదు.

ఇటువంటి చిక్కు మన చుట్టూ కూడా ఎదురుకావచ్చు. ఉదాహరణకు, అనంతపురం జిల్లా సగటు వర్షపాతాన్ని లెక్కించే ప్రోగ్రాంను ఊహించండి. ఉమ్మడి జిల్లాలో 63 మండలాలు. ప్రోగ్రాంలో పలుచోట్ల నేరుగా 63 అని రాశారనుకోండి. 2022 ఏప్రిల్ 4న దాదాపు సగం మండలాలు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. ఒక్కచోట 63ను మార్చడం మరచినా సగటు సగానికి పడిపోతుంది. వాన పడిన ఏడు కూడా కరవు ఏడుగా కనిపిస్తుంది. 'మండలాల సంఖ్య' అనే పేరుతో ఆ విలువను ఒకేచోట ఉంచితే, ఒక్క మార్పుతో లెక్క సరిపోతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి: మీరు రాసిన ఏదైనా ప్రోగ్రాంలో పేరులేని సంఖ్యలను గుర్తించి, వాటికి తగిన పేర్లు పెట్టండి.