ఒకే తీగపై ఆదేశం, దత్తాంశం: మోడెమ్ డయలింగ్ భాష చరిత్ర

మోడెమ్ చరిత్రను వేగాల చరిత్రగా రాయడం పరిపాటి. సెకనుకు 300 బిట్లు, 1200, 2400 అంటూ సాగే ఆ వరుసలో ఒక మౌలికమైన ప్రశ్న మరుగున పడింది. టెలిఫోను నంబరు తిప్పేది ఎవరు? అకౌస్టిక్ కప్లర్ల కాలంలో ఆ పని మనిషిదే. వాడుకరి డయల్ చేసి, అవతలి యంత్రం కూత వినబడగానే రిసీవరును రబ్బరు గిన్నెలలో అమర్చేవాడు. పెద్ద కంప్యూటర్లకు బెల్ వ్యవస్థ వారి 801 వంటి స్వయంచాలిత పరికరాలు ఉండేవి. అయితే నంబరు పంపడానికి వాటికి వేరే కేబులు కావాలి. అమెరికాలో టెలిఫోను తీగకు ఇతరుల పరికరాలు తగిలించడంపై ఉన్న ఆంక్షలు 1968 నాటి కార్టర్‌ఫోన్ నిర్ణయంతో సడలసాగాయి.

డెనిస్ హేస్, డేల్ హెథరింగ్టన్ 1981లో అట్లాంటా నుంచి విడుదల చేసిన స్మార్ట్‌మోడెమ్ కంప్యూటరు వెలుపల ఉండే పెట్టె. దానికి కంప్యూటరుతో ఉన్న దారి ఒక్క సీరియల్ పోర్టే. నంబరూ, దత్తాంశమూ ఆ దారినే వెళ్ళాలి. అందుకే రెండు స్థితులు కల్పించారు. ఆదేశ స్థితిలో ‘ఏటీ’తో మొదలయ్యే పంక్తిని మోడెమ్ ఆజ్ఞగా గ్రహిస్తుంది. ఇది ‘అటెన్షన్’కు సంక్షిప్తరూపం మాత్రమే కాదు. ‘ఏ’ అక్షరంలో ఆరంభ బిట్టు వెనువెంటనే దానికి విరుద్ధమైన బిట్టు వస్తుంది కనుక, ఆ ఒక్క బిట్టు నిడివిని కొలిచి మోడెమ్ కంప్యూటరు వేగాన్ని తెలుసుకోగలదు. ‘ఏటీడీటీ’ అంటే టోన్ పద్ధతిలోనూ, ‘ఏటీడీపీ’ అంటే పల్స్ పద్ధతిలోనూ డయల్ చేయమని అర్థం. నంబరు నడుమ కామా ఉంటే రెండు సెకన్ల విరామం. కార్యాలయపు ఎక్స్ఛేంజి నుంచి బయటి లైను దొరకడానికి అది అవసరం.

నంబరును దాచుకొనే శక్తి తరువాతి నమూనాలకు వచ్చింది. ‘ఏటీ&జెడ్0=’ అని నంబరు రాస్తే, విద్యుత్తు పోయినా చెరగని స్మృతిలో అది నిలుస్తుంది; ‘ఏటీడీఎస్=0’ అంటే ఆ నంబరుకే డయల్ అవుతుంది. అంతవరకు సాఫ్ట్‌వేరు జాబితాలో ఉన్న నంబరు మోడెమ్‌లోకి మారడంతో, డిస్కు లేని టెర్మినల్ సైతం ఒక్క పంక్తితో డయల్ చేయగలిగింది.

అసలు వివాదం ఆదేశాల గురించి కాదు, మౌనం గురించి. దత్తాంశం మధ్యలో తిరిగి ఆదేశ స్థితికి రావాలంటే మూడు ప్లస్ గుర్తులు పంపాలి, వాటికి ముందూ వెనుకా ఒక సెకను మౌనం పాటించాలి. 1985లో ఈ మౌనానికి పేటెంటు లభించింది. ‘ఏటీ’ పదాలను స్వేచ్ఛగా అనుకరించిన పోటీదారులకు ఇక్కడే అడ్డు తగిలింది. మౌనం అక్కరలేని ప్రత్యామ్నాయాన్ని కొందరు అనుసరించారు గానీ, అది బలహీనమైన పరిష్కారమే. దత్తాంశంలోనే ప్లస్ గుర్తులూ, వాటి వెంట ‘ఏటీ’ ఆదేశమూ వస్తే సంబంధం తెగిపోయే ప్రమాదం అందులో ఉంది.

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ భారతదేశంలో ఇంటర్నెట్ సేవ ప్రారంభించే నాటికి ఈ ఆదేశాలు డయలప్ మోడెములకు ఉమ్మడి భాష అయిపోయాయి. హేస్ సంస్థ 1999లో మూతపడింది. జీఎస్ఎం మొబైల్ ప్రమాణం మాత్రం ఆ భాషనే విస్తరించుకొంది. ‘ఏటీ+సీపీబీడబ్ల్యూ’ సిమ్ కార్డులో నంబరు రాస్తుంది. ‘ఏటీడీ’ పంక్తి చివర అర్ధవిరామం ఉంటే అది మాటల కాల్, లేకుంటే దత్తాంశపు కాల్.