కోవిడ్ కాలంలో చైనా ప్రయాణం: వీసా నుంచి క్వారంటీన్ గది వరకు, మూడేళ్ల ఆంక్షలు ఎలా పనిచేశాయి?

2020 మార్చి నుంచి 2023 జనవరి వరకు చైనాకు వెళ్లడం అంటే ఒకదాని తర్వాత ఒకటి ఐదారు అడ్డంకులు దాటడమే. వీసా ఉన్నా రానిచ్చేవారు కాదు. రానిస్తామన్న తర్వాత విమానం దొరికేది కాదు. టికెట్ దొరికినా, బయలుదేరే ముందు చేసే పరీక్షల్లో ఒక్కటి తేడా వస్తే ప్రయాణం ఆగిపోయేది. అన్నీ దాటి చైనాలో దిగితే, మొదటి మజిలీ క్వారంటీన్ హోటల్.

ఒక్కో నిబంధననూ విడిగా చూస్తే దాని వెనుక ఒక కారణం కనిపిస్తుంది. కానీ అవన్నీ కలిసేసరికి, వైరస్ సోకనివారు కూడా రెండేళ్లకు పైగా చైనా బయటే ఉండిపోవాల్సి వచ్చింది. అలా చిక్కుకున్నవారిలో సుమారు 23 వేల మంది భారతీయ విద్యార్థులు ఉన్నారు. వారిలో ఎక్కువమంది వైద్య విద్యార్థులు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు చెందినవారూ వారిలో ఉన్నారు.

ఈ ఆంక్షలు ఎలా మొదలయ్యాయి? ఎలా పనిచేశాయి? ఎవరికి ఎంత నష్టం చేశాయి?

తలుపులు ఎప్పుడు మూసుకున్నాయి?

చైనా 2020 జనవరి 20న కోవిడ్‌ను క్లాస్ బీ అంటువ్యాధిగా ప్రకటించింది. అయితే, నియంత్రణ చర్యలు మాత్రం క్లాస్ ఏ స్థాయిలో ఉంటాయని చెప్పింది. సరిహద్దుల్లో క్వారంటీన్ విధించాల్సిన వ్యాధుల జాబితాలోనూ చేర్చింది. ఆ తర్వాత మూడేళ్ల పాటు అమలైన ఆంక్షలకు చట్టపరమైన ఆధారం ఇదే.

జనవరి 23న వుహాన్‌లో లాక్‌డౌన్ మొదలైంది. అప్పట్లో ప్రపంచ దేశాలు చైనా నుంచి వచ్చేవారిని చూసి భయపడ్డాయి. భారత్ రెండు ఎయిర్ ఇండియా విమానాల్లో వుహాన్ నుంచి 647 మంది భారతీయులను, ఏడుగురు మాల్దీవుల పౌరులను తీసుకొచ్చింది.

రెండు నెలల్లో పరిస్థితి తలకిందులైంది. చైనాలో కేసులు తగ్గాయి, మిగతా ప్రపంచంలో పెరిగాయి. దీంతో, చెల్లుబాటయ్యే వీసాలు, నివాస అనుమతులు ఉన్నా సరే విదేశీయులను రానివ్వబోమని చైనా ప్రకటించింది. మార్చి 28 నుంచి అది అమల్లోకి వచ్చింది. దౌత్యవేత్తలకు, విమాన సిబ్బంది లాంటి కొన్ని వర్గాలకు మాత్రమే మినహాయింపు లభించింది.

బయటి నుంచి వైరస్‌ను రానివ్వకూడదు, లోపల మళ్లీ తలెత్తనివ్వకూడదు. స్థూలంగా చైనా విధానం ఇదే.

వారానికి ఒకే విమానం

మార్చి 29 నుంచి పౌర విమానయాన శాఖ మరో నిబంధన తెచ్చింది. ఒక విమానయాన సంస్థ ఒక దేశానికి ఒకే మార్గంలో, వారానికి ఒక్కసారి మాత్రమే విమానం నడపాలి. ‘ఫైవ్ వన్’ పేరుతో ఇది వాడుకలోకి వచ్చింది.

దీంతో విమాన సీట్ల సంఖ్య ఒక్కసారిగా పడిపోయింది. విదేశాల్లో చదువుకుంటున్న, పనిచేస్తున్న చైనా పౌరులకు కూడా ఇంటికి వెళ్లే దారి దొరకలేదు. టికెట్ ధరలు మామూలు రోజులతో పోలిస్తే అనేక రెట్లు పెరిగాయి.

జూన్ 8 నుంచి ‘సర్క్యూట్ బ్రేకర్’ అమల్లోకి వచ్చింది. ఒక విమానంలో వచ్చినవారిలో ఐదుగురికి పాజిటివ్ వస్తే ఆ మార్గంలో వారం పాటు విమానాలు ఆపేస్తారు. పది మందికి వస్తే నాలుగు వారాలు ఆపేస్తారు.

ఈ నిబంధన తొలిసారి వర్తించింది దక్షిణాసియా నుంచి వెళ్లిన విమానానికే. జూన్ 11న ఢాకా నుంచి గ్వాంగ్‌జౌ చేరుకున్న చైనా సదరన్ విమానంలో 17 మందికి పాజిటివ్ అని తేలింది. ఆ మార్గంలో విమానాలను నాలుగు వారాలు నిలిపేశారు.

దీని ప్రభావం ఆ 17 మందితో ఆగలేదు. తర్వాతి వారాలకు టికెట్లు కొన్నవారందరి ప్రయాణాలూ రద్దయ్యాయి. వారు మళ్లీ మొదటి నుంచి టికెట్ కోసం వెతుక్కోవాల్సి వచ్చింది.

48 గంటల లెక్క

2020 నవంబరు నుంచి విమానం ఎక్కే ముందు 48 గంటల్లోపు రెండు పరీక్షలు తప్పనిసరి చేశారు. ఒకటి న్యూక్లియిక్ యాసిడ్ పరీక్ష. మరొకటి రక్తంలో ఐజీఎం యాంటీబాడీలను గుర్తించే పరీక్ష. చైనా ఎంబసీ సూచించిన ల్యాబుల్లో ఈ పరీక్షలు చేయించుకుని, ఫలితాలు అప్‌లోడ్ చేస్తే ఆకుపచ్చ హెల్త్ కోడ్ వచ్చేది. అది ఫోన్‌లో చూపిస్తేనే విమానం ఎక్కనిచ్చేవారు.

ఐజీఎం పరీక్షతో ఒక చిక్కు ఉంది. కోవిడ్ నుంచి కోలుకున్నవారిలో, టీకా వేయించుకున్నవారిలో కూడా ఈ యాంటీబాడీలు కొంతకాలం కనిపించవచ్చు. అంటే, ఇతరులకు వైరస్ అంటించే స్థితిలో లేనివారు కూడా ఈ పరీక్ష దగ్గర ఆగిపోయే అవకాశం ఉంది.

నేరుగా విమానం లేకపోతే ఇబ్బంది రెట్టింపయ్యేది. మధ్యలో విమానం మారే దేశంలోనూ రెండు పరీక్షలూ మళ్లీ చేయించుకోవాలి. ఫలితాలు వచ్చేదాకా అక్కడే ఉండాలి. అందుకు ఆ దేశ వీసా కావాలి, హోటల్ ఖర్చు భరించాలి. అక్కడ పాజిటివ్ వస్తే ముందుకూ వెళ్లలేరు, వెంటనే వెనక్కీ రాలేరు.

దిగిన తర్వాత ఏం జరిగేది?

అంతర్జాతీయ ప్రయాణికులు తాము వెళ్లాల్సిన ఊరికి నేరుగా చేరుకునే వీలుండేది కాదు. 2020 మార్చి 23 నుంచి బీజింగ్ వెళ్లాల్సిన అంతర్జాతీయ విమానాలను ముందుగా తియాన్‌జిన్, హోహాట్ లాంటి 12 నగరాలకు మళ్లించారు.

విమానాశ్రయంలో కనిపించేది తల నుంచి కాళ్ల దాకా తెల్లటి రక్షణ దుస్తులు వేసుకున్న సిబ్బందే. చైనాలో వీరిని ‘దాబాయ్’ అని పిలిచేవారు. ‘పెద్ద తెల్లనివారు’ అని ఆ మాటకు అర్థం. ఆరోగ్య వివరాల నమోదు, గొంతు లేదా ముక్కు నుంచి నమూనా సేకరణ పూర్తయ్యాక, ప్రయాణికులను బస్సుల్లో హోటళ్లకు తరలించేవారు. ఏ హోటల్ అన్నది సాధారణంగా అధికారులే నిర్ణయించేవారు. బిల్లు ప్రయాణికులే కట్టాలి.

అక్కడ 14 రోజులు గది దాటకూడదు. భోజనం తలుపు దగ్గర పెట్టి వెళ్లేవారు. రోజూ శరీర ఉష్ణోగ్రత చూసేవారు. మధ్యమధ్యలో పరీక్షలు చేసేవారు. పాజిటివ్ వస్తే, లక్షణాలు లేకపోయినా ఆసుపత్రికి తరలించేవారు.

14 రోజులతో అయిపోయినట్లు కూడా కాదు. చాలా నగరాలు మరో 7 రోజులు కలిపాయి. బీజింగ్‌లో 21 రోజుల క్వారంటీన్ తర్వాత ఇంకో 7 రోజుల పర్యవేక్షణ ఉండేది. ఒక నగరంలో క్వారంటీన్ పూర్తిచేసినవారికి, ఇంకో నగరానికి వెళ్లాక అక్కడి నిబంధనలు మళ్లీ వర్తించేవి.

ఇంత కట్టుదిట్టంగా ఎందుకంటే, చిన్న లోపం జరిగినా వైరస్ లోపలికి వస్తుందని అధికారులకు అనుభవమైంది. 2021 జులైలో నాన్‌జింగ్ విమానాశ్రయంలో డెల్టా వేరియంట్ కేసులు బయటపడ్డాయి. మాస్కో నుంచి వచ్చిన విమానాన్ని శుభ్రం చేసిన కార్మికులకు తొలుత సోకినట్లు దర్యాప్తులో తేలింది. అక్కడి నుంచి అది పలు ప్రావిన్సులకు పాకింది.

అదే ఏడాది సెప్టెంబరులో గ్వాంగ్‌జౌ నగరం విదేశాల నుంచి వచ్చేవారి కోసమే సుమారు 5 వేల గదులతో ప్రత్యేక క్వారంటీన్ కేంద్రాన్ని సిద్ధం చేసింది. డిసెంబరులో సియాటిల్ నుంచి షాంఘై బయలుదేరిన డెల్టా ఎయిర్‌లైన్స్ విమానం గాల్లో ఉండగానే వెనక్కి తిరిగింది. షాంఘై విమానాశ్రయంలో కొత్తగా తెచ్చిన శుభ్రత నిబంధనలే దానికి కారణమని ఆ సంస్థ తెలిపింది.

భారతీయులకు అదనపు అడ్డంకులు ఏంటి?

2020 సెప్టెంబరు 28 నుంచి ఉద్యోగ, వ్యక్తిగత, కుటుంబ కారణాలపై నివాస అనుమతి ఉన్న విదేశీయులను చైనా రానిచ్చింది. ఈ జాబితాలో విద్యార్థులు లేరు.

ఆ వెసులుబాటు కూడా భారత్ నుంచి వెళ్లేవారికి ఎక్కువ రోజులు దక్కలేదు. అక్టోబరు 30న దిల్లీ నుంచి వుహాన్ వెళ్లిన వందే భారత్ మిషన్ విమానంలో పలువురికి పాజిటివ్ వచ్చింది. నవంబరు 5న, భారత్ నుంచి వచ్చే విదేశీయుల ప్రవేశాన్ని తాత్కాలికంగా నిలిపేస్తున్నట్లు దిల్లీలోని చైనా ఎంబసీ ప్రకటించింది.

2021 మార్చిలో మరో మెలిక వచ్చింది. చైనాలో తయారైన టీకాలు వేయించుకున్నవారికి వీసా ప్రక్రియ సులభం చేస్తామని ఎంబసీ తెలిపింది. కానీ, ఆ టీకాలు భారత్‌లో అందుబాటులో లేవు. ఇక్కడ వేసినవి ప్రధానంగా కోవిషీల్డ్, కోవాగ్జిన్.

హాంకాంగ్ మీదుగా వెళ్లే దారి కూడా నిలకడగా లేదు. 2021 ఏప్రిల్ 20 నుంచి, మళ్లీ 2022 జనవరిలో భారత్ నుంచి విమానాలను హాంకాంగ్ నిలిపేసింది.

విద్యార్థులు ఏం నష్టపోయారు?

2020 ఆరంభంలో సెలవులకు ఇంటికి వచ్చిన విద్యార్థులు రెండున్నరేళ్ల పాటు ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల ముందే పాఠాలు విన్నారు. కానీ, ఎంబీబీఎస్ చదువులో రోగి మంచం పక్కన నేర్చుకునేదాన్ని ఆన్‌లైన్ తరగతి భర్తీ చేయలేదు.

ఇటు భారత్‌లోనూ తలుపు పూర్తిగా తెరుచుకోలేదు. పూర్తిగా ఆన్‌లైన్‌లో చేసిన వైద్య కోర్సులను గుర్తించబోమని జాతీయ వైద్య కమిషన్ 2022 ఫిబ్రవరి 8న నోటీసు ఇచ్చింది. చైనాలో చేరాలనుకునేవారిని హెచ్చరించింది.

అంటే, చైనా రానివ్వదు. వెళ్లకుండా చదివితే భారత్ ఒప్పుకోదు. రెండు నిబంధనల మధ్య ఇరుక్కున్నది మాత్రం, అప్పటికే ఫీజులు కట్టిన కుటుంబాలే.

ఈ వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. ఇలాంటి విద్యార్థుల కోసం రెండు నెలల్లో ఒక పథకం రూపొందించాలని 2022 ఏప్రిల్ 29న కోర్టు ఆదేశించింది. చివరి ఏడాదిలో స్వదేశానికి వచ్చి, 2022 జూన్ 30 నాటికి కోర్సు పూర్తిచేసినవారికి అర్హత పరీక్ష రాసే అవకాశం ఇస్తూ కమిషన్ జులై 28న ఉత్తర్వులు ఇచ్చింది. అయితే, ఆ పరీక్ష పాసైన తర్వాత మామూలుగా ఏడాది ఉండే ఇంటర్న్‌షిప్‌ను వారికి రెండేళ్లు చేసింది.

ఆంక్షలు ఎలా సడలాయి?

2022 మార్చి 25న దిల్లీ వచ్చిన చైనా విదేశాంగ మంత్రి వాంగ్ యీ దగ్గర విద్యార్థుల అంశాన్ని భారత విదేశాంగ మంత్రి జైశంకర్ ప్రస్తావించారు. ఏప్రిల్ 29న బీజింగ్‌లోని భారత ఎంబసీ, తిరిగి వెళ్లాలనుకునేవారి వివరాలు సేకరించడం మొదలుపెట్టింది. జూన్‌లో ఉద్యోగులకు, కుటుంబ సభ్యులకు వీసాలు మొదలయ్యాయి. విద్యార్థుల వీసాలు ఆగస్టు 24న పునఃప్రారంభమయ్యాయి.

క్వారంటీన్ కూడా అంచెలంచెలుగా తగ్గింది. 2022 జూన్ 28న అది 7 రోజుల హోటల్, 3 రోజుల ఇంటి క్వారంటీన్‌గా మారింది. నవంబరు 11న హోటల్ గడువు 5 రోజులకు తగ్గింది, సర్క్యూట్ బ్రేకర్ రద్దయింది. 2023 జనవరి 8న క్వారంటీన్ పూర్తిగా ముగిసింది. మార్చి 15 నుంచి అన్ని రకాల వీసాలు ఇవ్వడం మొదలుపెట్టారు. ప్రయాణానికి ముందు పరీక్ష చేయించుకోవాలన్న నిబంధన ఆగస్టు 30 వరకు కొనసాగింది.

ఇంతకీ ఈ ఆంక్షలు పనిచేశాయా?

తొలి రెండేళ్లలో పనిచేశాయనే చెప్పాలి. ఇతర దేశాల్లో ఆసుపత్రులు నిండిపోయినప్పుడు చైనాలో జనజీవనం చాలావరకు మామూలుగా సాగింది. టీకాలు వేయడానికి సమయం దొరికింది.

ఒమిక్రాన్‌తో ఆ లెక్క మారింది. 2022 మార్చి చివర్లో షాంఘై లాక్‌డౌన్‌లోకి వెళ్లింది. డిసెంబరు 7న దేశంలోపలి ఆంక్షలను చాలావరకు ఎత్తేశాక వైరస్ వేగంగా వ్యాపించింది. డిసెంబరు 8 నుంచి జనవరి 12 వరకు ఆసుపత్రుల్లో కోవిడ్ సంబంధిత మరణాలు 59,938 అని చైనా అధికారులు వెల్లడించారు.

అదే సమయంలో, అంటే జనవరి 8 వరకు, విదేశాల నుంచి వచ్చేవారిని హోటల్ గదుల్లో ఉంచుతూనే ఉన్నారు. బయట వీధుల్లో వైరస్ విస్తరిస్తుంటే, నెగెటివ్ రిపోర్టుతో వచ్చిన ప్రయాణికుడు ఐదు రోజులు గదిలో గడిపాడు. పెట్టిన కారణం పోయాక కూడా నిబంధన కొన్నాళ్లు కొనసాగుతుందనడానికి ఇదొక ఉదాహరణ.

ఆ తర్వాత పరీక్షలు పెట్టడం ఇతర దేశాల వంతైంది. 2023 జనవరి 1 నుంచి చైనా సహా ఆరు ప్రాంతాల నుంచి వచ్చేవారికి భారత్ ఆర్టీపీసీఆర్ తప్పనిసరి చేసింది. ఫిబ్రవరి 13న దాన్ని ఎత్తేసింది.

2020లో ఆగిన నేరుగా విమానాలు మాత్రం కోవిడ్ ఆంక్షలు పోయినా తిరిగి రాలేదు. గల్వాన్ ఘర్షణ తర్వాత దెబ్బతిన్న సంబంధాలు దానికి ప్రధాన కారణం. ఐదేళ్లకు పైగా విరామం తర్వాత, 2025 అక్టోబరు 26న కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌకు ఇండిగో విమానంతో ఆ సర్వీసులు మళ్లీ మొదలయ్యాయి.